లేసుకు గుర్తింపు సరే, అల్లే చేతికో?

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతలి గట్టు నరసాపురం. ఈ గోదావరి డెల్టాకు లేసు అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీలతో వచ్చింది. పేద ఆడవాళ్లకు నాలుగు డబ్బులు వస్తాయని నేర్పారు. బడులూ ఆసుపత్రీ కూడా పెట్టారు. అక్కడిదాకా బాగానే ఉంది. దారి తప్పింది వ్యాపారమే. దారం ఇచ్చేది ఏజెంటు, కూలీ కట్టేదీ అతనే. వంట ముగించి అరుగు మీద కూర్చుని, క్రోషా సూదితో పువ్వు తర్వాత పువ్వు అల్లే మనిషి లెక్కల్లో మాత్రం గృహిణి! 1982లోనే పరిశోధకురాలు మరియా మీస్ ఈ సంగతి పుస్తకంగా రాశారు.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది, సంతోషం. లేసు అల్లే రాజోలు వైపు పల్లెలకు వచ్చే స్వచ్ఛంద సంస్థలు మాత్రం శిక్షణ శిబిరం పెట్టి, ఫొటో దిగి వెళ్లిపోకూడదు. (అల్లిక ఆ ఆడవాళ్లే ఎవరికైనా నేర్పగలరు.) ముందు కళ్లు పరీక్షించి అద్దాలు ఇప్పించాలి, నలభై దాటాక సన్నదారం ఆనదు. బిల్లు రాసుకునేపాటి చదువు కావాలి. దారం కొనే పెట్టుబడి మహిళా సంఘం చేతిలో ఉంటే, ఏజెంటు కూలీ తగ్గించిన రోజున సరుకు ఇంకొకరికి అమ్ముకోవచ్చు.