తక్కువ తిరిగిన కారుకు ఎక్కువ పైసలు ఎందుకు?



పత్తి పైసలు చేతికొచ్చే రోజుల్లోనే మన ఊళ్లల్ల పాత కార్ల బేరాలు మొదలైతయి. దానికి తోడు 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పట్నంల కొత్తది కొనేటోళ్లు పాతది అమ్ముతరు, ఆ పాతది మన ఊరికొస్తది. "అన్నా, తొమ్మిదేండ్ల బండి, నలభై ఎనిమిది వేలే తిరిగింది, కొత్త దాని లెక్కనే ఉంది" అని బ్రోకర్ అంటడు. మనం మీటరు చూసి మురిసిపోతం. ఆ మాట మీదనే ఈ పోస్టు రాస్తున్న.

నా అభిప్రాయం ముందే చెప్తున్న. తక్కువ తిరిగింది అనే ఒక్క కారణంతో రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు.

మా బామ్మర్ది పోయిన ఏడాది అచ్చం అట్లాంటి బండే తెచ్చిండు. డిక్కీ ఉన్న చిన్న పెట్రోల్ కారు. కంపెనీ పేరు చెప్పను, తప్పు కంపెనీది కాదు. దాని పాత ఓనరు అపార్ట్‌మెంట్ సెల్లార్‌ల పెట్టి, పండుగకో పెండ్లికో తీసిండట. కొన్న నాలుగో నెలల, అత్తమ్మను దవాఖానకు తీసుకపోతుంటే ఆయిల్ లైటు ఎర్రగా వెలిగింది. బండి టకటక కొట్టి నడిరోడ్డు మీద ఆగింది. అత్తమ్మను ఆటోల పంపించి, కారును తాడు కట్టి గుంజుకొచ్చినం. మెకానిక్ విప్పి చూస్తే ఇంజన్ ఆయిల్ తారు లెక్క గడ్డకట్టింది. మూడేండ్లుగ మార్చలేదంట. ఖర్చు డెబ్బై రెండు వేలు. 2025-26ల పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 ఉండె. ఆ లెక్కన కూడా దాదాపు తొమ్మిది క్వింటాళ్ల పత్తి ఆ ఇంజన్లనే పోయింది.

ఎందుకిట్లయితది? చాలా చిన్న కార్ల పుస్తకంల ఆయిల్ మార్చుడు గురించి పదివేల కిలోమీటర్లు లేదా ఒక ఏడాది, ఏది ముందయితే అది అని ఉంటది. మనం మొదటిది చదువుతం, రెండోది విడిచిపెడ్తం. తిరగకున్నా ఆయిల్ పాతబడ్తది. కిలోమీటరు, రెండు కిలోమీటర్లు పోయి ఆపితే ఇంజన్ సరిగ్గ వేడెక్కదు, లోపల తేమ మిగులుతది, అది ఆయిల్ల కలుస్తది. టైమింగ్ చైన్ ఉన్న ఇంజన్ల ఆ చైన్ తిరిగేది కూడా ఆ ఆయిల్లనే. ఆయిల్ చెడితే చైన్ అరుగుతది.

ఇగ నా బండి సంగతి. నాది 2013 డీజిల్ డిజైర్. మన దగ్గర ట్యాక్సీలకు ఎక్కువ వాడిన 1248 సీసీ ఇంజన్, ఫియట్ వాళ్ల డిజైన్. 2020 ఏప్రిల్ నుంచి మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. నా బండి లక్షా ముప్పై వేలు తిరిగింది, ఇంజన్ ఇప్పటిదాకా విప్పలేదు. క్లచ్ ప్లేటు ఒకసారి మార్చిన, కింద బుష్‌లు రెండుసార్లు. నాకు ఎక్కువ ఖర్చయింది ఎప్పుడో తెలుసా? కరోనా రెండేండ్లు దాన్ని కొట్టంల నిలబెట్టినప్పుడు. బ్యాటరీ పోయింది, టైర్లు పగుళ్లు వచ్చినయి, ఎలుకలు వైరింగ్ కొరికినయి. తిరిగిన ఏడేండ్లల్ల రాని ఖర్చు నిలబెట్టిన రెండేండ్లల్ల వచ్చింది. తప్పు నాదే, వారానికోసారి తీసి పది కిలోమీటర్లు తిప్పితే అయిపోయేది.

మా మండలంల ఒక ట్యాక్సీ తమ్ముని దగ్గర ఇదే మోడల్ ఉంది. రెండు లక్షల ఎనభై వేలు దాటింది. ఆయన డ్యాష్‌బోర్డుల చిన్న డైరీ ఉంటది. ఆయిల్ ఏ తారీఖున మార్చిండు, ఫిల్టర్ ఎప్పుడు, కూలెంట్ ఎప్పుడు, అన్నీ రాసి ఉంటయి. నాకు ఇప్పుడు రెండు బండ్లు చూపిస్తే, మా బామ్మర్ది బండి కంటే ఆ ట్యాక్సీనే తీసుకుంట.

"ట్యాక్సీ బండి పిండి పిప్పి చేసి ఉంటది కదా" అని మీరంటరు. నిజమే. సీట్లు చినుగుతయి, క్లచ్ అరుగుతది, సస్పెన్షన్ ఊగుతది. కానీ అవి కంటికి కనపడేవి, నడిపితే తెలిసేవి, బేరంల తగ్గించుకునేవి. ఇంజన్ లోపలి మడ్డి కంటికి కనపడదు.

ఈ సంగతి మనకు కొత్తది కూడా కాదు. ట్రాక్టరుకు గంటల లెక్క చూసి ఆయిల్ మారుస్తం. చాన్నాళ్లు కట్టేసిన ఎద్దును ఒక్కసారే కాడి కిందికి తెస్తే కుంటుతదని మనకు తెలుసు. కారు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎటు పోతదో!

కొనేముందు ఇవి చూడండి. సర్వీసు బిల్లులు అడగండి, కిలోమీటర్ల కంటే తారీఖులు చూడండి. ఆయిల్ మూత తీసి కింది భాగం చూడండి, నల్లటి మడ్డి పట్టి ఉంటే లేచి రాండి. పొద్దున చల్లగ ఉన్నప్పుడే స్టార్ట్ చేయమనండి. బ్రోకర్ ముందే వేడి చేసి పెడితే ఆ రోజు బేరం ఆపండి. టైరు పక్కన నాలుగు అంకెలుంటయి. 2319 అంటే 2019ల 23వ వారం తయారైందని అర్థం. గీతలు లోతుగ ఉన్నా అంత పాత టైరును నమ్మొద్దు. ఆర్‌సీకి పదిహేనేండ్లల్ల ఎంత మిగిలిందో చూసుకోండి.

పాత పెట్రోల్ బండి అయితే ఇంకొకటి. ఇప్పుడు బంకుల్ల పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఆ ఇథనాల్ కొంత మన మొక్కజొన్నతోనే తయారైతది, అది సంతోషమే. కానీ అది తేమను పీల్చుకుంటది. నెలల తరబడి నిలబెట్టే బండికి అది మంచిది కాదు. రబ్బరు పైపులు ఒకసారి చూపించుకోండి.

ఇప్పటికే కారు ఉన్నోళ్లు ఈ రోజే ఒక పని చేయండి. చివరిసారి ఆయిల్ ఎప్పుడు మార్చిన్రో గుర్తు తెచ్చుకోండి. గుర్తు రాకపోతే రేపే మార్పించి, తారీఖు రాసి పెట్టండి. ఆయిల్, ఫిల్టర్ ఖర్చు ఒక్క మందు డబ్బా అంత కూడా కాకపోవచ్చు.

మీ బండి ఎన్నేండ్లది, ఎంత తిరిగింది, ఏం ఖర్చు వచ్చింది, కింద రాయండి. రేపు కొనబోయే మన తమ్మునికి పనికొస్తది.