చేతిలోని పాటలపెట్టె: నిల్వ, హంగులు, బరువు

ఖతర్ ద్వీపకల్పం ఉత్తరంగా సాగి సముద్రంలో ముగిసే చోట, రాజధాని దోహాకు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరంలో, మదీనత్ అల్ షమాల్ అనే చిన్న పట్టణం ఉంది. ఆ పేరుకు ‘ఉత్తర నగరం’ అని అర్థం. పక్కనే రువైస్ రేవు, పడమటి తీరాన అల్ జుమైల్ వంటి పాడుబడిన జాలరిపల్లెలు. తక్కినదంతా చదునైన ఎడారి. దోహాలో నివసించే తెలుగువారికి వారాంతపు సెలవునాడు తెలుగు సినిమాయో, నలుగురు స్నేహితుల కలయికో అందుబాటులో ఉంటుంది. ఉత్తరాన పనిచేసేవారికి రానూపోనూ ప్రయాణానికే సగం పూట పోతుంది. అటువంటి చోట జేబులో ఇమిడే పాటల యంత్రం విలాసవస్తువు కాదు. దుప్పటి, చెప్పులు, నీళ్ల సీసా వంటి నిత్యావసర వస్తువులలో అదీ ఒకటి.

అయితే ఆ యంత్రాన్ని ఎంచుకొనే పద్ధతిలోనే ఒక పొరపాటు తరచుగా కనిపిస్తుంది. అంగడికి వెళ్లినవారు అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్ని జీబీ?’ అన్నది. అంకె పెద్దదైతే వస్తువు గొప్పదని ఒక భావన. అమ్మేవారికి కూడా ఈ ప్రశ్నే సులువు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చయ్యేది అదే కదా! నిల్వ, సౌకర్యాలు, వెంట తీసుకుపోగల వీలు అనే మూడు కొలతలలో నేడు అన్నిటికంటె తక్కువ విలువైనది నిల్వ. ఈ మాటకు ఆధారం కేవలం కూడికలు, గుణకారాలు.

ఎం.పి.3 పద్ధతిలో సెకనుకు 128 కిలోబిట్ల వేగంతో కుదించిన పాట నిమిషానికి దాదాపు ఒక మెగాబైటు స్థలం ఆక్రమిస్తుంది. సి.డి.లో ఉండే కుదించని ధ్వనికి దీనికి పదకొండు రెట్లు కావాలి. మనిషి చెవికి ఎలాగూ పట్టని అంశాలను వదిలివేయడమే ఈ కుదింపులోని కిటుకు. పెద్ద శబ్దం వెనుక దాగిన చిన్న శబ్దాన్ని మనం వినలేము; వినలేనిదాన్ని దాచడమెందుకు? ఈ లెక్కన అయిదు నిమిషాల పాటకు అయిదు మెగాబైట్లు, ఒక గిగాబైటుకు ఇన్నూరు పాటలు, అంటే పదిహేడు గంటల వినికిడి. 32 గిగాబైట్ల కార్డులో 550 గంటలు పడతాయి. రోజుకు రెండు గంటల చొప్పున విన్నా ఒక్క పాట మళ్లీ రాకుండా తొమ్మిది నెలలు గడిచిపోతాయి. విన్న పాటనే వినాలనిపించడం మానవ స్వభావం గనుక, నిజానికి ఇన్నూరు పాటలతోనే చాలామంది ఏడాది గడిపేస్తారు.

నిల్వ నిజంగా కొరతగా ఉన్న రోజులు లేకపోలేదు. 1998లో కొరియా నుండి వచ్చిన ఎంపీమ్యాన్, అదే సంవత్సరం అమెరికాలో వెలువడిన రియో యంత్రాలలో ఉన్నది 32 మెగాబైట్లు మాత్రమే. అరగంట పాటలకే అవి నిండిపోయేవి. 2001 అక్టోబరులో ఆపిల్ సంస్థ 5 గిగాబైట్ల చిన్న హార్డ్ డిస్కుతో ఐపాడ్‌ను తెచ్చి, వేయి పాటలు జేబులో ఇముడుతాయని చాటినప్పుడు ఆ అంకెకు అర్థం ఉంది. నేడు అతి చవక కార్డు కూడా ఆ ఐపాడ్‌ను మించినదే. ‘ఎన్ని జీబీ’ అన్న ప్రశ్న ఆనాటి కరువు మిగిల్చిన అలవాటు. సినిమాలు చూసేవారి సంగతి వేరు. మామూలు నాణ్యత గల ఒక సినిమాకే సుమారు ఒక గిగాబైటు పడుతుంది గనుక వారికి నిల్వ ముఖ్యమే. వారు గమనించవలసిన చిక్కు మరొకటి ఉంది. పాత తరహా యంత్రాలు అనేకం 32 గిగాబైట్లకు మించిన కార్డును గుర్తించవు. గుర్తించినా 4 గిగాబైట్లకు మించిన ఒకే ఫైలును తీసుకోవు. కొన్న పెద్ద కార్డు వృథా కావడం అక్కడే.

ఇక సౌకర్యాల మాట. ఇక్కడ కొంచెం వెనుకటి చరిత్ర అవసరం. 1963లో ఫిలిప్స్ సంస్థ క్యాసెట్టును ప్రవేశపెట్టింది. 1979 జూలైలో సోనీ సంస్థ వాక్‌మన్‌ను విడుదల చేసింది. పాత్రికేయుల కోసం అంతకుముందే చేసిన ప్రెస్‌మన్ అనే చిన్న రికార్డరులో నుండి ధ్వనిముద్రణ భాగాన్ని తీసివేసి, స్టీరియో వినికిడిని చేర్చగా వాక్‌మన్ పుట్టింది. వినడమే గాని పలికించడం లేని యంత్రం! లోకమంతా దానికి జేజేలు పలికింది. కాని ఆ దశాబ్దాలలో గల్ఫ్‌కు వెళ్లిన తెలుగువారు సెలవులో ఇంటికి మోసుకొచ్చినవి ఎక్కువగా వాక్‌మన్‌లు కావు. రేడియో, టేపురికార్డరు కలిసిన బరువైన టూ ఇన్ వన్‌లు. ఎర్ర మీట నొక్కితే అది మాటను పట్టుకొనేది. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల ఇళ్లలో అరవై నిమిషాల క్యాసెట్టు ఉత్తరంగా మారింది. చదవను రాయను రాని తల్లి ఒక వైపు మాట్లాడి పంపితే, కొడుకు రెండో వైపు నింపి, ఊరికి వెళ్లే మనిషి చేతికిచ్చేవాడు. ఫోను నిమిషాలు బంగారమైన కాలంలో ఆ యంత్రపు అసలు ఉపయోగం అదే. బరువెక్కువైనా దానినే ఎంచుకొన్న ఆ తరంవారు కొనుగోలు విద్యలో నేటివారికంటె తెలివైనవారని అంగీకరించక తప్పదు.

ఆ పాఠం నేటికీ వర్తిస్తుంది. పాటల యంత్రానికి ఉండవలసిన హంగులలో మొదటిది మైకు, ధ్వనిముద్రణ మీట. మాటను సెకనుకు 32 కిలోబిట్ల చొప్పున ముద్రిస్తే గంటకు పదిహేను మెగాబైట్లు కూడా పట్టవు. ఒక్క గిగాబైటులో దాదాపు డెబ్బది గంటల మాటలు నిలుస్తాయి. తాతయ్య చెప్పే పొలం గట్ల కథలు, అమ్మమ్మ పాడే పెళ్లిపాటలు, చంటిబిడ్డ తొలి పలుకులు ఎన్ని కావాలంటే అన్ని. రెండవది ఎఫ్.ఎం. రేడియో. ఖతర్‌లో మలయాళ, హిందీ శ్రోతల కోసం స్టేషన్లు ఉన్నాయి. హిందీ తెలిసినవారికి వార్తలకైనా అవి పనికివస్తాయి. మూడవది తీసి పెట్టగల కార్డు. సాన్‌డిస్క్ సంస్థ 2009లో తెచ్చిన క్లిప్ ప్లస్ అనే బొటనవేలంత యంత్రంలో ఈ మూడూ ఇమిడి ఉండేవి. దానికంటె ఖరీదు ఎన్నో రెట్లున్న యంత్రాలలో మూడింట ఒక్కటీ లేకపోవడం ఆ రోజుల వింతలలో ఒకటి. స్వరాలను హెచ్చుతగ్గులు చేసే ఇరవై రకాల ఏర్పాట్లు, రంగురంగుల తెర, ఆటలు మొదలైనవన్నీ పెట్టె మీద పేర్లుగా బాగుంటాయి. మొదటి వారం తరువాత వాటిని తాకేవారు అరుదు.

తొలి వాక్‌మన్‌లో మాత్రం ఒక మంచి హంగు ఉండేది. దానికి ఇయర్‌ఫోన్లు తగిలించే రంధ్రాలు రెండు. ఇద్దరు కలిసి ఒకే పాట వినవచ్చు. నారింజరంగు మీట నొక్కితే పాట తగ్గి, ఒకరి మాట ఒకరికి వినబడేది. ఒకే గదిలో ఆరుగురు నిద్రించే చోట అటువంటి ఏర్పాటు ఎంత అవసరమో యంత్రాలు గీసేవారికి తరువాత తోచినట్టు లేదు.

వెంట తీసుకుపోగల వీలు అనగానే గ్రాములు లెక్కపెట్టడం మరొక పొరపాటు. వాక్‌మన్ బరువు సుమారు 390 గ్రాములు, తొలి ఐపాడ్ 185 గ్రాములు, 2005లో వచ్చిన ఐపాడ్ షఫుల్ 22 గ్రాములు. ఏభై గ్రాములకు దిగువన తేడా చేతికి తెలియదు. ఎడారిలో తెలిసేది వేడి. లిథియం బ్యాటరీని 45 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడిలో ఛార్జి చేయరాదు. ఎండలో నిలిపిన వాహనం లోపల వేడి 60 డిగ్రీలు దాటిపోతుంది. వేడికి బ్యాటరీలోని రసాయనాలు త్వరగా క్షీణించి, ఏడాది తిరగకముందే పది గంటలు పాడవలసినది నాలుగు గంటలకే మూగబోతుంది. బస్సు అద్దం పక్కన, వాహనపు ముందరి పలక మీద యంత్రాన్ని వదిలే అలవాటు బ్యాటరీకి శత్రువు. సాధారణ పెన్సిలు బ్యాటరీతో నడిచే పాత రకం యంత్రాలను వెక్కిరించేవారు ఒక సంగతి మరచిపోతున్నారు: ఆ బ్యాటరీ అయిపోతే ఏ చిన్న బఖాలాలోనైనా మరొకటి దొరుకుతుంది. లోపల అతికించిన బ్యాటరీ చెడితే యంత్రమే చెత్తకుండీ పాలు. ఇసుకకు తెరమీద వేలితో తాకే రకంకంటె గట్టి మీటలున్న రకమే ఆగుతుంది. చీకటిలో, కళ్లు మూసుకొని నొక్కడానికి కూడా అదే వీలు.

వినే వేళలను బట్టి కూడా యంత్రాన్ని తూచాలి. ఖతర్‌లో 2021 నాటి ఉత్తర్వు ప్రకారం ఏటా జూన్ 1 నుండి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 గంటల నుండి మధ్యాహ్నం 3.30 వరకు ఎండలో ఆరుబయట పని నిషిద్ధం. ఆ విరామం, బస్సు ప్రయాణం, నిద్రకు ముందు గంట: వినికిడికి దొరికే సమయం ఇంతే. రాస్ లఫాన్ వంటి చోట్ల ఉండే సహజవాయు కర్మాగారాలలో, మండే వాయువులు తగిలే ప్రాంతాలలోకి అందుకు ధ్రువీకరణ పొందని విద్యుత్ పరికరం దేనినీ రానీయరాదన్నది ఆ పరిశ్రమలో సాధారణ నియమం. పాటల యంత్రం చొక్కా జేబులో మరచిపోయి గేటు వద్దకు వెళ్లడం మంచిది కాదు.

ఇంత చర్చ ఎందుకు, అందరి చేతా ఫోను ఉంది కదా అని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. ఐపాడ్ తయారీని ఆపిల్ సంస్థ 2022 మేలో నిలిపివేసింది. వేరు పాటల యంత్రాలు చేసేవారు ఇప్పుడు కొద్దిమందే. తెర ఆర్పి పాట మాత్రమే వింటే ఫోను పెద్దగా విద్యుత్తు తినదు కూడా. కార్డు పెట్టే గాడి, ఇయర్‌ఫోన్ రంధ్రం ఉన్న ఫోను చేతిలో ఉన్నవారు వేరే యంత్రం కొనడం దుబారాయే. కాని కొత్త ఫోన్లు అనేకం ఈ రెండింటినీ వదిలివేశాయి. పైగా ఫోనులో పాట వినబోయినవారు పాట దగ్గరే ఆగుతారని నమ్మకం లేదు. అరగంట పాట కోసం తీసినది అర్ధరాత్రి వరకు కంటికి కునుకు లేకుండా చేస్తుంది. ఇంటి వద్ద ఉన్న వృద్ధులకైతే ఫోను తెర అగమ్యగోచరం. 2017లో సరెగమ సంస్థ అయిదువేల పాత హిందీ పాటలు నింపి, గుండ్రని మీటతో విడుదల చేసిన కార్వాన్ అనే పెట్టె విజయం చెప్పేది ఇదే: చాలామందికి కావలసినది ఎంపిక కాదు, మీట తిప్పగానే వచ్చే పాట.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి చివరకు మిగిలింది. యంత్రాన్ని మోయగలగడం ఒక ఎత్తు. అందులోనిదాన్ని మరొక యంత్రంలోకి మోయగలగడం మరొక ఎత్తు. తొలి ఐపాడ్‌లలోకి పాట ఎక్కాలంటే ఐట్యూన్స్ అనే ప్రత్యేకమైన కంప్యూటరు ఏర్పాటు కావాలి; తిరిగి దింపుకొనడం మామూలు మనిషికి తెలియని విద్య. నెలసరి చందా కట్టి వినే నేటి పాటలు చందా ఆగిన మరుక్షణం మూగబోతాయి. మామూలు ఎం.పి.3 ఫైలుకు ఆ బెడద లేదు. పేటెంటుదారుల లైసెన్సు పథకం కూడా 2017లో ముగిసింది. ఏ దేశంలో కొన్న ఏ యంత్రమైనా దానిని పాడుతుంది. సినిమా పాట పోతే మళ్లీ దొరుకుతుంది. తండ్రి గొంతు పోతే దొరకదు. పాత టూ ఇన్ వన్ చెడినా క్యాసెట్టు మిగిలేది, మరొక ఇంటి టేపురికార్డరులో మోగేది. యంత్రం లోపలి స్మృతిలోనే ముద్రించిన గొంతు ఆ యంత్రంతోనే పోతుంది. కార్డు గాడి కావాలనడం అందుకే.

కార్డు కూడా చిరంజీవి కాదని చెప్పడం ధర్మం. తోషిబా సంస్థలో ఫుజియో మసువొకా రూపొందించిన ఫ్లాష్ స్మృతిలో సమాచారం అతి సూక్ష్మమైన గదులలో బంధించిన విద్యుదావేశం రూపంలో ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఆవేశం కొంచెం కొంచెంగా జారిపోతుంది. వేడి ఆ జారుడును త్వరపరుస్తుంది. క్యాసెట్టు పాడైతే గొంతు గరగరలాడుతూ వినబడుతుంది; ఫైలు పాడైతే తరచుగా ఏమీ వినబడదు. అందుచేత విలువైన ధ్వనిముద్రణకు ఒక్క ప్రతి చాలదు.

చెవుల మాట కూడా ఒకటి చేర్చాలి. బస్సు ఇంజను హోరును మించాలని ధ్వనిని పెంచుకొంటూ పోవడం సర్వసాధారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్‌ల ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 డెసిబెల్‌లయితే నాలుగే గంటలు. యంత్రం మీద మిగిల్చిన డబ్బుతో చెవి రంధ్రాన్ని సరిగా మూసే రబ్బరు ఇయర్‌ఫోన్లు కొంటే బయటి హోరు తగ్గి, తక్కువ ధ్వనితోనే పాట వినబడుతుంది.

సెలవు ముగించుకొని షమాల్‌కు తిరిగి వెళ్లేవారు ఊరిలో ఉండగానే చేయవలసిన పని ఒకటుంది. 16 గిగాబైట్ల కార్డులు రెండు కొని, పాటలతో పాటు ఇంటిల్లిపాది మాటలను ఒకదానిలో ముద్రించి, రెండవదానిలోకి నకలు తీయాలి. ఒకటి జేబులోని యంత్రంలో ఉంటుంది; రెండవది ఇంటి బీరువాలో, పాత క్యాసెట్ల పక్కన.