శిథిలాల్లో కాపురాలు

క్లోద్ లొరేన్ 1636లో వేసిన రోమ్ దృశ్యం ఒకటి ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఒకప్పుడు సామ్రాజ్యానికే నడిబొడ్డయిన ఫోరం అది. లొరేన్ కాలానికి పశువుల సంత జరిగే బయలైపోయింది. ఎడమవైపు సెప్టిమియస్ సెవెరస్ విజయతోరణం కింది భాగం మట్టిలో కూరుకుపోయి ఉంటుంది. దూరాన కొలోసియం. ముందువైపు ఎండలో జనం గుంపులుగా చేరి పిచ్చాపాటీ మాట్లాడుకుంటుంటారు. వాళ్లలో ఒక్కరూ ఆ తోరణంకేసి తలెత్తి చూస్తున్నట్టు కనపడదు. అక్కడే కాస్టర్ గుడి స్తంభాల దగ్గర పాతకాలపు గ్రానైట్ తొట్టి ఒకటి ఉండేది, గొడ్లు నీళ్లు తాగడానికి. 1818లో దాన్ని క్విరినాల్ కొండ మీదికి తరలించి ఫౌంటెన్‌కు అమర్చారు. ఇప్పుడది చూడదగ్గ వస్తువు.

శిథిలాల బొమ్మలకే పేరుపడ్డ ఉబేర్ రోబేర్ 1754లో రోమ్ వెళ్లి పదకొండేళ్లు అక్కడే ఉన్నాడు. ఆయన చిత్రాల్లో కూలిన గుళ్ల నీడన ఆడవాళ్లు బట్టలుతుకుతుంటారు, ఆరేస్తుంటారు, పిల్లలు కాళ్లకు అడ్డం పడుతుంటారు. 1767 ప్యారిస్ ప్రదర్శనలో ఈ బొమ్మలు చూసిన ఫ్రెంచి రచయిత దిదెరో మెచ్చుకుంటూనే ఒక తప్పు పట్టాడు: మనుషులు మరీ ఎక్కువయ్యారు, ముప్పాతిక మందిని తీసెయ్యాలి, ఏకాంతాన్ని పెంచేవాళ్లే ఉండాలి అన్నాడు.

మా పేచీ ఇక్కడే. తీరుబడిగా వచ్చినవాడికి శిథిలం కాలం గురించీ చావు గురించీ ఆలోచించుకునే చోటు. బట్టలుతికే మనిషికి అది నీళ్లు దొరికే చోటు. రోబేర్ ఈ రెండో సంగతి వదల్లేదు. అలాగని ఆయన్ని నెత్తికెత్తుకోనక్కర్లేదు. రోమ్ పరిసరాల్ని పీడించిన చలిజ్వరం ఆయన చాకలివాళ్ల జోలికి రాదు, వాళ్ల నడుములు నొప్పెట్టవు. కొనేవాళ్లు దొరలు మరి.

ఆ చాకిరీని బొమ్మలోంచి కాక నేల మీంచే తీసేస్తే ఏమవుతుందో హంపి చూసింది. విరూపాక్ష ఆలయం ఎదుటి రథవీధి మండపాల్లో తరాలుగా కొట్లూ కాపురాలూ ఉండేవి. 2011 జూలైలో బుల్‌డోజర్లు వచ్చాయి. అక్కడ ఉన్నవాళ్లు రాతి స్తంభాల మధ్య గోడలు లేపారు, సున్నాలు వేశారు, నిజమే. కట్టడానికి నష్టం జరిగిందన్న మాటా కొట్టిపారేసేది కాదు. కానీ బజారుగా కట్టిన వీధిలో బజారు లేకపోవడమే పరిరక్షణ అంటే ఎట్లా?

ఖిలా వరంగల్ రాతికోట లోపల ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. మా పత్రికకు కాకతీయ తోరణాల ఫొటోలు బోలెడు వస్తుంటాయి. ఆ ఊరివాళ్లు కనపడే ఫొటో మాత్రం అరుదు. ఫ్రేములోకి ఎవరైనా అడ్డొస్తే కాసేపు ఆగుతాం, అంత ఓపిక లేకపోతే ఫోనే వాళ్లను చెరిపేస్తుంది. దిదెరో ముప్పాతిక మందినే తీసెయ్యమన్నాడు.