గూడబాతు గ్లైడరైతే..!

టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లారా? చలికాలం ముందు వచ్చి, గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరాక వెళ్లిపోయే పెలికాన్లకు ఆ ఊరు పుట్టిల్లు. అవి సైబీరియా నుంచి వస్తాయని చెప్పుకుంటారుగానీ, ఈ గూడబాతులు దక్షిణాసియా పక్షులే. ఒక్కోటీ 4 నుంచి 6 కిలోలు! అంత బరువును రెక్కలాడిస్తూ మోసుకెళ్లడమంటే మాటలా? అందుకే దూరం వెళ్లాల్సి వస్తే కాస్త ఎండెక్కనిస్తాయి. వేడెక్కిన నేల మీంచి గాలి పైకి లేస్తుంది కదా... అదే థర్మల్. అందులో గిరగిరా తిరుగుతూ, రెక్క కదపకుండా పైకెక్కి, అక్కణ్నుంచి చెరువు వైపు జారుకుంటాయి.

ఇంజను లేని గ్లైడర్ చేసేదీ ఇదే. గాలి సెకనుకు 2 మీటర్లు పైకి లేస్తోందనుకోండి. అందులో తిరుగుతూ గ్లైడర్ 1 మీటరు కిందికి దిగితే, మిగిలిన 1 మీటరే లాభం. ఇప్పుడు 350 కిలోల గ్లైడర్ రెక్కల్లో 150 లీటర్ల నీళ్లు నింపితే? నిలబడటానికి దాదాపు 20 శాతం ఎక్కువ వేగం కావాలి. దిగడమూ అంతే పెరుగుతుంది. లాభం 0.8 మీటరే! అసలు చిక్కు ఇంకోటుంది. అంతే వంపులో తిరిగితే చుట్టు 40 శాతానికి పైగా వెడల్పవుతుంది. థర్మల్‌కు బలమంతా నడిమధ్యలో. చుట్టు పెద్దదైతే అంచుల్లోని నీరసపు గాలే దక్కుతుంది.

మరి పోటీల్లో పైలట్లు పనిగట్టుకుని నీళ్లెందుకు నింపుతారు? బరువు పెరిగినా, అదే ఎత్తు నుంచి జారి వెళ్లే దూరం తగ్గదు. పైగా త్వరగా చేరొచ్చు. థర్మల్ నీరసించిందా, మీట లాగి నీళ్లు వదిలేస్తారు.

గూడబాతుకు ఆ వీల్లేదు. దాని బరువు పిల్లల కూడు! చేపల్ని ముక్కు కింది సంచిలో మోసుకొస్తుందనుకుంటాం. కాదు, మింగి తెచ్చి గూట్లో కక్కుతుంది. అంటే వెళ్లేటప్పటికన్నా తిరిగొచ్చేటప్పుడే భారం. ఎక్కడం నిదానం. ఈలోగా మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందంటే తీరంలో థర్మళ్లు చచ్చుబడతాయి. ఇక మిగతా దారంతా రెక్కలాడించాల్సిందే... చింతచెట్టు మీద పిల్లలు ఆకలితో అరుస్తుంటాయి మరి.