ఎడమకు గురిపెడితే... ఇంకా కుడికి!

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర నిలబడి చూస్తే దొరకని కోర్సు ఉండదేమో అనిపిస్తుంది. అలాంటి సందుల్లో కంప్యూటర్ నేర్చుకుని ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్లలో కొందరికి నలభై దాటాక పట్టే కొత్త పిచ్చి గోల్ఫ్. దానికి మాత్రం అమీర్‌పేట, పంజాగుట్టల ఇరుకు చాలదు. ఆదివారం తెల్లారకుండానే లేచి గోల్కొండ కోట పక్కనున్న మైదానానికో, గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్‌కో వెళ్లాలి.

అంత దూరం వెళ్లి డ్రైవర్‌తో (కారు నడిపే ఆయన కాదు, బంతిని అన్నిటికన్నా దూరం పంపే కర్ర) బలంగా బాదితే ఏమవుతుంది? బంతి తిన్నగానే బయల్దేరుతుంది. సగం దారిలో ఏదో పని గుర్తొచ్చినట్టు కుడికి తిరిగి, నున్నగా గడ్డి కత్తిరించిన ఫెయిర్‌వేని వదిలేసి పొదల్లోకి పోతుంది. దీన్నే స్లైస్ అంటారు. హద్దు దాటిందా... ఒక స్ట్రోకు జరిమానా, పైగా మొదట కొట్టిన చోటి నుంచే మళ్లీ కొట్టాలి. వరసగా మూడుసార్లు ఇలా అయితే పక్కనున్న స్నేహితుల మొహం చూడ్డమే కష్టం!

అప్పుడు దాదాపు అందరూ చేసేపని ఒకటే. కుడికి పోతోంది కదా అని ఎడమకు గురిపెడతారు. బంతి ఇంకా కుడికి వంగుతుంది.

ఎందుకలా? బంతి ఎటు బయల్దేరాలో ఎక్కువగా నిర్ణయించేది కర్ర ముఖం. గాల్లో వంగడానికి కారణం వేరు... కర్ర కదిలే దారికీ, దాని ముఖం చూసే దిక్కుకూ మధ్య తేడా. ఆ దారితో పోలిస్తే ముఖం కుడికి తెరుచుకుని ఉంటే బంతి తిరిగే ఇరుసు కుడికి వాలుతుంది, గాలి దాన్ని అటే నెడుతుంది. స్పిన్నర్ వేసిన బంతి నేలను తాకకముందే పక్కకు జరగడం వెనకా ఉన్నది ఈ సూత్రమే. ఎడమకు తిరిగి నిలబడితే భుజాలూ అటే తిరుగుతాయి. కర్ర బయటి నుంచి లోపలికి మరింత అడ్డంగా వస్తుంది. ముఖం మాత్రం పాత అలవాటుకొద్దీ ఫెయిర్‌వే మధ్యకే చూస్తుంది. తేడా పెరిగింది... వంపూ పెరిగింది! బంతి కర్ర దారిలోనే బయల్దేరుతుందని కోచ్‌లు కూడా ఏళ్లతరబడి చెప్పేవారు. 2000 తరవాత రాడార్‌తో కొలిచే పరికరాలు వచ్చాకే ఆ లెక్క మారింది.

ఏడో నంబరు ఐరన్‌తో చక్కగా కొట్టేవాళ్లకీ డ్రైవర్ దగ్గర ఈ తిప్పలు తప్పవు. ఐరన్ ముఖం బాగా వెనక్కి వాలి ఉండటంతో పక్కవంపు అంతగా బయటపడదు. డ్రైవర్ వాలు పది డిగ్రీల అటూఇటూ మాత్రమే.

మరమ్మతుకు మైదానం అక్కర్లేదు, పంజాగుట్ట ఫ్లాటులో బాల్కనీ చాలు. బట్టల తీగా, ఎదురింటి కిటికీ చూసుకోవాలంతే. కుడిచేతి వాటమైతే కర్ర పట్టుకుని కిందికి చూసినప్పుడు ఎడమచేతి పిడికిలి కణుపు ఒక్కటే కనిపిస్తోందా? పట్టు బలహీనమన్నమాట. రెండో మూడో కనిపించేదాకా ఆ చేతిని కుడికి తిప్పి పట్టుకోవాలి. పిడి బిగించకూడదు. బిగిస్తే ముంజేతులు సాఫీగా తిరగవు, తెరుచుకున్న ముఖం మూసుకోదు. మైదానంలో బంతిని ఎడమ మడమకు ఎదురుగా పెట్టుకోవాలి, అంతకన్నా ముందుకు వెళ్తే భుజాలు మళ్లీ ఎడమకు తిరుగుతాయి. బంతికి అవతలివైపు ఓ ఖాళీ అట్టపెట్టె ఉంచి, దానికి తగలకుండా మెల్లగా కొడుతూపోతే కర్ర దారి కూడా మారుతుంది. కొత్త పట్టు మొదట్లో ఎవరిదో చెయ్యి అరువు తెచ్చుకున్నట్టుంటుంది. బంతి ఎడమకు వెళ్లినా కంగారొద్దు, ముఖం మూసుకోవడం మొదలైనట్టే.

ఇంతకీ వంపు మొత్తం పోవాలా? సాహిత్ తీగలని చూస్తే అక్కర్లేదనిపిస్తుంది. 1997లో కాలిఫోర్నియాలో ఓ తెలుగు కుటుంబంలో పుట్టిన ఈ కుర్రాడికి వెన్నెముక పక్కకు వంగి ఉండే స్కోలియోసిస్ ఉంది. బంతిని గాల్లో వంచి కొట్టడంలోనూ పేరున్నవాడే. వంపు ఎప్పుడూ ఒకేలా, కొంచెమే ఉంటే దానికి ముందే చోటు వదిలి గురిపెట్టుకోవచ్చు. అప్పుడు దాని పేరు స్లైస్ కాదు, ఫేడ్.

2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ టోర్నీ చివరిరోజు సాహిత్ గెలుపు అంచులదాకా వచ్చాడు. పదిహేడో హోల్‌లో కొట్టిన డ్రైవ్ నేలను తాకి ఎడమకు ఎగిరి నీళ్లలో పడింది. ఒక్క స్ట్రోకు తేడాతో ప్లేఆఫ్ పోయింది. పీజీఏ టూర్‌లో అతను తొలిసారి కప్పు పట్టుకున్నది 2023 సెప్టెంబరులో, కాలిఫోర్నియాలోని నాపాలో. ఈసారి గెలిచింది రెండు స్ట్రోకుల తేడాతో!