మా మనసెరిగిన పరిమళములు

పరిమళములను గూర్చి వ్రాయబూనుట గాలిని మూటగట్టుటవంటిదని మావారు నవ్విరి. బడిపంతులుగారికి సుద్దముక్క వాసన తప్ప వేరొకటి యంతగా పట్టదు గనుక ఆ మాట నట్లుంచి, ఈ మాసము సోదరీమణులతో మాకు ప్రియమైన సువాసనలను గూర్చియు, అవి మా మనస్సును త్రిప్పు తీరును గూర్చియు ముచ్చటింపదలచితిమి.

పలనాడన్నంతనే పరిమళములు తలచుకొనువా రరుదు. మాఘ ఫాల్గుణములలో కళ్లములయందు మిరపపండ్లు ఎఱ్ఱగా ఆరుచుండగా ఆ ఘాటునకు త్రోవన బోవువారు తుమ్మక తప్పదు. పిడుగురాళ్లవైపు పోయిన సున్నపుబట్టీల పొగ. ఇక వేసవి వచ్చెనా, గురజాల, మాచర్లలలో నాపరాతి యరుగులపై కాలు మోపనలవి గాదు. ఇట్టి చోట నుండుటచేతనే కాబోలు, మాకు తొలకరి మట్టివాసన యనిన ప్రాణము లేచి వచ్చును. వేడెక్కిన నాపరాయిమీద పడిన చినుకు వాసన వేరు, నల్లరేగడిమీద పడిన చినుకు వాసన వేరు. ఈ భేదము మా ప్రాంతపు స్త్రీల కెవరికైనను తెలియును. నిజము చెప్పవలెనన్న, ఆ వాసన తగిలినంతనే మాకు మొదట కలుగునది ఆనందము కాదు, తొందర. మిద్దెమీది వడియములు, తీగమీది బట్టలు, పెరటిలోని పిడకలు అన్నియు లోనికి చేర్చి, గడపలో కూలబడిన పిమ్మటనే ఆనందము వచ్చును. అప్పటికి చినుకు వానగా మారి మట్టివాసన సగము పోయియుండును. గృహిణి సుఖము లన్నియు నిట్టివే.

ఈ వాసనకు పెట్రికోర్ అను పేరు 1964లో పెట్టినవారు ఆస్ట్రేలియా దేశపు శాస్త్రవేత్త లిరువురు. వారిలో నొకరు ఇసబెల్ జాయ్ బేర్ అను స్త్రీ. అయితే వారికి చాల పూర్వమే మనదేశమున కనౌజు నగరపు అత్తరుపనివా రీ వాసనను సీసాలో బంధించిరి. కాల్చిన మట్టిబిళ్లలను రాగిడేగిసాలో నీటితో మరిగించి, ఆ యావిరిని వెదురుగొట్టముద్వారా చందనతైలమున్న పాత్రలోనికి దింపుదురు. ఆవిరి చల్లారి నీరు వేరుపడగా, వాసన తైలమున నిలుచును. మా మేనమామగారు కాశీయాత్రనుండి తెచ్చిన చిన్నబుడ్డి యొకటి మావద్ద నున్నది. మే నెలలో, మావారు పరీక్షపత్రములు దిద్దుచు విసుగుకొనునపుడు, చేతిరుమాలున కొక్క చుక్క రాసి యిచ్చెదము. విసుగు తగ్గునో లేదో కాని పత్రములమీది యెఱ్ఱగీతలు కొంత తగ్గును.

సీసాలలో వచ్చు విదేశపు సెంట్లను మేము ద్వేషింపము. కాని నరసరావుపేటనుండి మాచర్ల వచ్చు బస్సులో ఒక్కరు పూసికొనిన యేబదిమందికి పంచిపెట్టు సెంటు నేమనవలెను? అత్తరు దగ్గరకు వచ్చిన వారితోనే మాటలాడును. ఇవి వీధిలో కేకలు వేయును. ఇది మా యభిప్రాయము మాత్రమే.

వాసన మనస్సు నింత త్వరగా పట్టుకొనుటకు శాస్త్రజ్ఞులు కారణము చెప్పుచున్నారు. కన్ను చూచినదియు, చెవి విన్నదియు మెదడునందలి థాలమస్ అను కూడలి గడచి పోవలసియుండగా, వాసన మాత్రము ఆ కూడలిలో నాగక, భావములకును జ్ఞాపకములకును నెలవైన భాగములకు తిన్నగా చేరునట. వాసనలను పసిగట్టు గ్రాహకముల జన్యువులను 1991లో లోకమునకు వెల్లడించిన లిండా బక్ అను విదుషికిని, ఆమె సహచరుడు రిచర్డ్ ఆక్సెల్ గారికిని 2004లో నోబెల్ బహుమానము లభించినది. మాకు సాంబ్రాణి విషయమున నిది యనుభవమే. అది సుమత్రాది ద్వీపముల చెట్లబంక యని పుస్తకములు చెప్పును. మా ముక్కునకు మాత్రము అది మా అమ్మ చేయి. పురిటిస్నానమైన పిదప కుంపటిపై గంప బోర్లించి, మా తడిజుట్టు దానిపై పరచి, ఆమె వ్రేళ్లతో చిక్కు తీయుచుండెను. నేటికిని ఎచ్చటనో సాంబ్రాణి వేసిన, మాకు మెడవెనుక ఆ వ్రేళ్లు తగిలినట్లగును, కన్నులు మూతపడును. పసిపిల్లల యూపిరితిత్తులకు పొగ మంచిది కాదని వైద్యులు చెప్పుచున్నారు గనుక, ఇపుడు బిడ్డను వేరుగదిలో నుంచి తల్లిజుట్టునకు మాత్రము వేయుట మేలు.

మా పలనాటికి మిరపఘాటు తప్ప సుగంధచరిత్ర లేదని యనుకొనవలదు. 2022లో ఏర్పడిన మా జిల్లాలోనే కొండవీడున్నది. అక్కడ రెడ్డిరాజ్య మేలిన కుమారగిరి రెడ్డికి (1386–1402) కర్పూర వసంతరాయలని బిరుదు. వసంతోత్సవమునాడు కర్పూరము వెదజల్లుట ఆయన వేడుక. ఆ యుత్సవమునకు కస్తూరి, కర్పూరము, పన్నీరు, అగరు, చందనము సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయ్యసెట్టి. శ్రీనాథుడు హరవిలాసమును ఈ సెట్టిగారికే అంకితమిచ్చెను. గంధద్రవ్యముల వ్యాపారికి కావ్యకన్య దక్కుట మాకు ముచ్చటగా నుండును. కర్పూరము నాడు సముద్రముల కావలి అడవులలో చెట్టుకాండమున గడ్డకట్టిన వస్తువు. నేడు మనము హారతి కిచ్చు కర్పూరములో చాలభాగము దేవదారుజాతి చెట్లనుండి వచ్చు టర్పెంటైనుతో కర్మాగారమున చేసినదే. అంతకు ముందే, 1244 ప్రాంతమున, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన శాసనమున చందనము, చీనాకర్పూరము, జవ్వాది మొదలగు సరకుల సుంకములతోపాటు పన్నీటి సుంకము కూడ చెక్కబడియున్నది. మన పెండ్లిగుమ్మములలో చల్లు పన్నీటికి అంతటి వయస్సున్నది.

ఆ పన్నీటిని గూర్చి ఒక్కమాట చెప్పవలెననియే ఇంతదూరము వచ్చితిమి.

మా పెద్దవదినగారికి భర్త పోయి పండ్రెండేండ్లయినది. అప్పటినుండి మాయింటనే యుందురు. వాసన పట్టుటలో ఆమెకు సాటి మేము చూడలేదు. నువ్వులనూనెలో కల్తీని మూత తీసినంతనే చెప్పగలరు. పాలు పొంగకముందే పొరుగుగదినుండి హెచ్చరింతురు. నూతిగట్టువద్ద మరువము, దవనము పెంచునది ఆమెయే. ఉగాదికి, శ్రీరామనవమికి వీధిలోని ఆడపిల్లలందరు ఆమెవద్దకే వచ్చి రెమ్మలు కోయించుకొని పోవుదురు. మరువము ఆకు నలిపిన వ్రేళ్లను మాత్రము ఆమె వెంటనే కడుగుకొనరు. కొంతసే పట్లే యుంచుకొందురు. తలలో పెట్టుకొనుట పండ్రెండేండ్లక్రిందనే మానిరి. మానమని ఎవరును నోటితో చెప్పలేదు. చెప్పనక్కరలేని యాజ్ఞలే గదా మనకు పెక్కు.

గడచిన మాఘమున నరసరావుపేటలో బంధువులయింటి పెండ్లికి మే మిరువురమును వెళ్లితిమి. గుమ్మమువద్ద ఎనిమిదేండ్ల పిల్ల యొకతె పన్నీటిబుడ్డి పట్టుకొని, వచ్చినవారిపై నెల్ల ఉత్సాహముతో చల్లుచుండెను. వదినగారు అలవాటుచొప్పున ప్రక్కకు తొలగబోయిరి. ఆ లోపలనే పిల్ల చల్లివేసినది. వెంటనే ఒక పెద్దావిడ పిల్ల మణికట్టు పట్టుకొని, “ఆమెకు కాదే!” అనెను.

“చల్లేశానుగా!” అని పిల్ల తెల్లబోయినది.

“మంచిపని చేశావమ్మా, ఇంకొకసారి చల్లు, ఇద్దరికీ కలిపి,” అని మేము వదినగారి చేయి పట్టుకొని నిలిచితిమి. పిల్ల బుడ్డిని రెండుమారులు గట్టిగా విదిలించినది. పెద్దావిడ భోజనముల వేళవరకును మాతో పలుకలేదు. ఆ నష్టమును మేము తేలికగానే భరించితిమి. లోనికి వెళ్లినంతనే వదినగారు పమిటచెరగు ముక్కువద్ద నుంచుకొని, “నీళ్లెక్కువ కలిపారే, గులాబి జాడే లేదు,” అనిరి. కాని ఆ చెరగును రాత్రివరకు మార్చలేదు.

వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించినది 1881 డిసెంబరు 11వ తేది. నూటనలువదియేండ్లు దాటినవి. ఇంకను మనము ఒక పన్నీటిచుక్క ఎవరిపై పడవచ్చునో ఎవరిపై పడరాదో గుమ్మమున నిలిచి లెక్కించుచున్నాము. పసుపు, పూవు, గంధము ఆడపిల్లకు పుట్టింట ఉయ్యాలలోనే వచ్చినవి. పెండ్లికొడుకు తెచ్చియిచ్చినవి కావు. అతడు తేనివానిని అతనితో పంపుట యేమి న్యాయము? ఇది శాస్త్రమని వాదించు సోదరీమణులుందురేని, ఉయ్యాలలోని పూవు నెవరు తీసివేయుమనిరో చూపింపవలెనని మనవి. ఈ వాదము పురుషులతోకంటె ఆడవారితోనే మనము చేయవలసియున్నది. బుడ్డి పట్టుకొను చిన్నదాని మణికట్టు పట్టుకొనునది మనలో నొకతెయే గదా.

మల్లెల సంగతి చివర కుంచితిమి. మల్లెమొగ్గ కోసిన తరువాత కూడ విచ్చును. అందుచేతనే మధ్యాహ్నము కొన్న మొగ్గ రాత్రి తొమ్మిదింటికి గది నింపును. మాకు ఆ పరిమళము ఎవరో రావలసియున్నట్లు తోపించును, ఎవరును రాకున్నను సరే. ఈ వేసవిలో పూలబ్బి గుమ్మములోనికి రాగానే ఎన్ని మూరలు తీసికొనవలెనని వదినగారే లోనినుండి అడుగుచున్నారు. మేము ఇంటిలోని ఆడవారి లెక్కకు ఒక మూర చేర్చియే చెప్పుచున్నాము. ఆ యెక్కువమూర ఎవరికని ఆమె యింతవరకు అడుగలేదు. తెల్లవారి పక్కలు తీయునపుడు అది ఆమె తలగడ ప్రక్కన వాడి కనబడుచున్నది.