అంత దూరం ఎందుకు?

మొన్న జగ్గయ్యపేట నుంచి నందిగామ వస్తూండగా బస్సులో మా విద్యార్థి ఒకడు అడిగాడు: “1989లో బెర్లిన్ గోడ కూలింది కదండీ, మర్నాడే ప్రజాస్వామ్యం వచ్చేసిందా?”

అంత దూరం ఎందుకు నాయనా, అన్నాను. ఈ పేట పొలిమేర దాటితే ఒకప్పుడు నైజాం. అక్కడ మూడువేల గ్రామాల్లో కమిటీలు నడిచాయని సుందరయ్యగారి లెక్క. తగవులు తీర్చారు, భూములు పంచారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. పార్టీ మీద నిషేధం, సరే, పి.డి.ఎఫ్. పేరుతో 1952లో ఓటుకు నిలబడ్డారు. నల్లగొండలో రావి నారాయణరెడ్డిగారికి సాక్షాత్తూ నెహ్రూగారికంటె ఎక్కువ ఓట్లు సుమా!

“మరి పంచిన భూములో?”

“1948లో సైన్యం వెనకాలే దొరలు తిరిగొచ్చి చాలావరకు లాక్కున్నారు.”

“అయినా వీళ్ళకే వేశారా?”

“అందుకే వేశారు కాబోలు.”

బస్సు చిల్లకల్లు దాటింది. కుర్రవాడు మరి మాట్లాడలేదు.